నవల పట్టుకుంటే చదువు చెడుతుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

టీనేజీ పిల్లలు, కథల పుస్తకాల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. ఒకే సంగతి నలుగురైదుగురు అడిగిన చోట ఒక్క ప్రశ్నగా కలిపాం.

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. ఏ కాస్త తీరిక దొరికినా నవల పట్టుకుంటుంది. క్లాసు పుస్తకం తీయమంటే మొహం ముడుచుకుంటుంది. ఈ వయసులో కథలు చదివితే ఒరిగేదేముంది? ఆ టైమేదో లెక్కలకు పెట్టుకుంటే బాగుండు కదా?

జవాబు: ముందు లెక్కల సంగతే చూద్దాం. బ్రిటన్‌లో 1970లో ఒకే వారంలో పుట్టిన పిల్లల వివరాలను వాళ్లు పెద్దయ్యేదాకా సేకరిస్తూ వచ్చారు. వాళ్లలో సుమారు 6,000 మంది సమాచారాన్ని 2013లో లండన్ పరిశోధకులు జల్లెడ పట్టారు. 10 నుంచి 16 ఏళ్ల మధ్య ఎవరి పోరూ లేకుండా ఇష్టంగా చదువుకున్న పిల్లలు మిగతావాళ్ల కంటే ఎక్కువ మెరుగుపడ్డారని తేలింది. ఆ మెరుగు అన్నిటికంటే పదసంపదలో ఎక్కువ. లెక్కల్లో అంత లేకపోయినా అక్కడా కనిపించింది. తల్లిదండ్రుల చదువు, ఇంటి పరిస్థితి, చిన్నప్పటి పరీక్షల ఫలితాలు లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా అలాగే నిలిచింది. చదివారు కాబట్టే ఎదిగారని ఇలాంటి అధ్యయనం నూటికి నూరుపాళ్లూ రుజువు చేయదు. కానీ నవల చదివితే లెక్కలు పోతాయన్న భయానికి ఇందులో ఆధారం దొరకదు.

మాటలు ఎలా పోగుపడతాయో చూడండి. మామూలుగా చదువుకుపోతున్నప్పుడు ఎదురయ్యే కొత్త మాటల్లో నూటికి సుమారు 15 మాత్రమే ఎంతో కొంత తలకెక్కుతాయని, 20 ప్రయోగాలను కలిపి చూసిన 1999 నాటి విశ్లేషణ చెప్పింది. 15 అంటే ఏ మూలకు అనిపిస్తుంది. రోజుకు 20 పేజీలు, పేజీకో కొత్త మాట చొప్పున లెక్కేయండి. రోజుకు 3, ఏడాదికి వెయ్యి పైచిలుకు. నిఘంటువు ముందు కూర్చోబెట్టి ఇన్ని నేర్పించడం ఎవరి తరమూ కాదు.

అసలు సంగతి మాత్రం మాటల దగ్గర లేదు. ఈ మూడు పంక్తులు చూడండి:

తల్లి గుమ్మంలో ఆగింది. "తలుపు వేసి వెళ్లనా?" అంది.
"నీ ఇష్టం" అన్నాడు కొడుకు, తల ఎత్తకుండా.
ఆవిడ కాసేపు నిలబడి, తలుపు ఓరగా వేసి వెళ్లింది.

"నీ ఇష్టం" అన్న మాటకు పుస్తకార్థం సమ్మతి. ఇక్కడది అలక. తలుపు పూర్తిగా వేస్తే వదిలేసినట్టు, తీసి ఉంచితే కాపలా కాసినట్టు. అందుకే ఓరగా వేసింది. కోపం, బాధ, బెంగ అన్న మాటలు ఎక్కడా లేవు. వాటిని చదివేవాళ్లే పూరించుకోవాలి. మీ అమ్మాయి రోజూ ఇంట్లో "నీ ఇష్టం" అనే వైపే ఉంటుంది. ఈ మూడు పంక్తుల్లో మాత్రం గుమ్మంలో నిలబడ్డ మనిషి వైపు కూడా కాసేపు ఉండాల్సి వస్తుంది. పాఠ్యపుస్తకం ఈ పని చేయించదు, సినిమాలో సగం పని నటుడి మొహమే చేసేస్తుంది.

ఈ వయసుకు ఇది ఎందుకు పనికొస్తుందంటే, మెదడులో ఉద్వేగాలకు సంబంధించిన భాగాలు కౌమారంలోనే చురుగ్గా ఉంటాయి. ముందువెనుకలు చూసుకునే ముందరి భాగం మాత్రం ఇరవైల మధ్య దాకా పక్వానికి వస్తూనే ఉంటుంది. తొందరపడితే ఏమవుతుందో కథలో చూసినందుకు చెల్లించాల్సిన మూల్యం ఏమీ లేదు.

అలాగని అతిగా ఆశ పెట్టుకోకండి. కాసేపు మంచి కథ చదివితే చాలు, ఎదుటివాళ్ల మనసు పసిగట్టే నేర్పు పెరుగుతుందని 2013లో ఒక ప్రయోగం చెప్పింది, అది బాగా ప్రచారమూ అయింది. తర్వాత వేరేవాళ్లు అదే చేసి చూస్తే ఫలితం నిలబడలేదు. 2018లో 14 ప్రయోగాలను కలిపి చూస్తే మేలు ఉందిగానీ చిన్నదని తేలింది. ఏళ్ల తరబడి చదివే అలవాటుకూ ఈ నేర్పుకూ ఉన్న సంబంధమే ఇంతకంటే గట్టిగా కనిపిస్తోంది. కాబట్టి ఒక్క నవలతో పిల్ల మారిపోతుందనీ అనుకోవద్దు, చెడిపోతుందనీ అనుకోవద్దు.

క్లాసు పుస్తకం తీయకపోవడం వేరే సమస్య, దాన్ని నవల మీదికి నెట్టకండి. ఏ సబ్జెక్టులో, ఏ పాఠం దగ్గర ఆగిపోయిందో కనుక్కోండి. రెంటికీ వేర్వేరు వేళలు పెట్టండి. చేతిలోంచి పుస్తకం లాక్కోకండి, "ఈ అధ్యాయం అయ్యాక" అనే గడువు ఇవ్వండి. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి, నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటలు కావాలి. దుప్పటి కింద టార్చి వెలుగులో సాగే నవల ఇందులోంచి గంటన్నర కొట్టేస్తే, మర్నాడు క్లాసులో కునికిపాట్లు తప్పవు.

ప్రశ్న: మా వాడికి 13. చిన్నప్పుడు బొమ్మల కథలు తెగ చదివేవాడు, ఇప్పుడు పుస్తకం ముట్టడు. ఏరికోరి 20 పుస్తకాలు కొన్నాను. పుస్తకానికి ఇంత అని డబ్బిస్తానన్నా కదల్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: డబ్బు మాట వెనక్కి తీసుకోండి. 1973లో బొమ్మలు గీయడం ఇష్టమున్న బడి ఈడుకు ముందు పిల్లల మీద ఒక ప్రయోగం జరిగింది. గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చిన పిల్లలు, కొన్నాళ్ల తర్వాత తమంతట తాము బొమ్మలు గీసుకునే సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. ముందు చెప్పకుండా ఇచ్చిన బహుమతి ఆ హాని చేయలేదు. కూలి ఇచ్చారంటే ఇది ఇష్టంగా చేసే పని కాదన్నమాట అని పిల్లల మనసు లెక్క కట్టుకుంటుంది. మీ వాడు అసలు కదల్లేదంటున్నారు, ఒక రకంగా అదే నయం.

ఇష్టం లేదా, చేతకావడం లేదా? ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఈ వయసు పిల్లలు "చదవలేకపోతున్నా" అని చచ్చినా చెప్పరు, "బోర్" అంటారు. ఇంతకుముందు చదవని పుస్తకంలో 100 మాటల భాగం తీసి పైకి చదవమనండి. నలుగురిలో కాదు, మీరిద్దరే ఉన్నప్పుడు. తడబడిన, తెలియని మాటలు 2 లోపు ఉంటే ఆ పుస్తకం తేలిక. 5 దాటితే సరదాగా చదువుకోవడానికి బరువే. తడబాటు ఎలా ఉందో కూడా గమనించండి. ఒత్తులూ సంయుక్తాక్షరాలూ వచ్చిన చోటల్లా ఆగడం, మొదటి రెండక్షరాలు చూసి మిగతాది ఊహించేయడం, వరస తప్పడం ఉన్నాయంటే అక్షరాల దగ్గరే ఇబ్బంది ఉంది. ముందు కంటి పరీక్ష చేయించండి. కళ్లు బాగానే ఉంటే చదవడంలో ఇబ్బందుల్ని గుర్తించే నిపుణులకు చూపించండి. గడగడా చదివేసి, "ఏం జరిగింది?" అంటే చెప్పలేకపోతే సమస్య వేరు. అక్షరం వచ్చింది, అర్థం వెనకబడింది. వాళ్లకు పైకి చదివి వినిపించడం, మధ్యమధ్య మాట్లాడుకోవడం పనిచేస్తాయి.

రెండూ బాగానే ఉంటే ఆ 20 పుస్తకాలూ కంటికి కనపడకుండా లోపల పెట్టేయండి. అవి మీరు ఏరినవి. ఒకదానికొకటి పోలిక లేని 5 పుస్తకాలు లైబ్రరీ నుంచి తెచ్చి బల్ల మీద పడేయండి: ఒక అపరాధ పరిశోధన, ఒక హాస్యం, ఒక ఆటల కథ, ఒక చిన్న కథల సంపుటి, ఒక నిజ సాహసగాథ. ఏదీ 120 పేజీలు దాటొద్దు. ఏది తీసుకున్నా సరే, 30 పేజీలు చదివాక నచ్చకపోతే వదిలేసే హక్కు వాడిదే. సంజాయిషీ అడగొద్దు.

తర్వాత రోజూ ఒకే వేళకు 15 నిమిషాలు, 4 వారాలు. ఆ గదిలో మీరూ ఏదో ఒకటి చదువుతూ ఉండాలి, ఫోన్లన్నీ, మీదానితో సహా, ఇంకో గదిలో ఉండాలి. కొత్త పుస్తకం మొదటి 10 పేజీలు మీరే పైకి చదవండి. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎక్కడ జరుగుతోందో, ఏ కాలమో అన్నీ ఒక్కసారిగా మీద పడేది అక్కడే. ఎక్కువమంది పుస్తకం మూసేసేదీ అక్కడే.

బెడిసికొట్టే చోట్లు కూడా ముందే తెలుసుకోండి. రెండో వారంలో పని ఒత్తిడి అంటూ మీరు డుమ్మా కొడతారు, మర్నాడు వాడూ కొడతాడు. మూడో వారంలో నోరు ఊరుకోక "ఎన్ని పేజీలయ్యాయి?" అని అడుగుతారు. ఆ ప్రశ్నతో అది హోంవర్కు అయిపోతుంది. ఒకే రకం పుస్తకాలు పదీ పదిహేనూ వరసగా చదివినా కంగారు పడకండి. ఆ దశలో వేగం, ఓపిక పెరుగుతున్నాయి. రుచి తర్వాత మారుతుంది.

ప్రశ్న: ఆడియో కథలు వింటే చదివినట్టేనా? ఫోన్లో చదివితే? కామిక్స్ సంగతి?

జవాబు: చదవడం బాగా వచ్చిన పిల్లలకు కథ అర్థం కావడంలో వినడానికీ చదవడానికీ పెద్ద తేడా ఉండదు. అయితే వింటున్నప్పుడు మనసు ఎటో వెళ్లినా గొంతు ఆగదు. వెనక్కి వెళ్లి ఒక వాక్యాన్ని మళ్లీ చూసుకోవడమూ అరుదు. చదివే వేగం వినడం వల్ల పెరగదు. అక్షరాల దగ్గర ఇబ్బంది పడేవాళ్లు పుస్తకం మీద వేలు ఆనించి, వింటూ చూస్తే మంచిది.

తెరా కాగితమా అన్నదాని మీద 54 అధ్యయనాలను, 1,70,000 మందికి పైగా పాల్గొన్నవాటిని, 2018లో కలిపి చూశారు. సమాచారం ఇచ్చే పాఠాల్లో కాగితానిదే పైచేయి, టైము పెట్టి చదివించినప్పుడు మరీను. కథల్లో తేడా కనపడలేదు. కాబట్టి కథ ఫోన్లో చదివినా ఫర్వాలేదు, నోటిఫికేషన్లు ఆపేస్తే. కామిక్స్ చదవడం చదవడమే.

ప్రశ్న: తొమ్మిదో తరగతికి భాష చెబుతాను. కథ అవగానే "ఇందులో నీతి ఏంటి టీచర్, పరీక్షకి ఏం రాయాలి?" అంటారు. చర్చ పెడితే ఆ నలుగురే మాట్లాడతారు, మిగతావాళ్లు నోరు మెదపరు.

జవాబు: నీతి అడగడం వాళ్ల తప్పు కాదు, ఇన్నేళ్లూ మనం అడిగింది అదే. చదవడంలో రెండు తీరులున్నాయని అమెరికాలో సాహిత్యం బోధించిన లూయీస్ రోజెన్‌బ్లాట్ చెప్పింది. ఒకటి, చదివాక ఏదో ఒకటి పట్టుకుపోవడానికి. రెండోది, చదువుతున్నంతసేపూ అందులో ఉండటానికి. మందు సీసా మీది చీటీ మొదటి తీరులోనే చదవాలి. కథను కూడా అలాగే చదివిస్తే మిగిలేది చీటీయే.

40 నిమిషాల పీరియడ్‌కు 4, 5 పేజీల కథ తీసుకోండి. ముందురోజే చదువుకుని మూడు చోట్ల గుర్తు పెట్టుకోండి: పాత్ర ఒక నిర్ణయం తీసుకోబోయే ముందు, ఎవరో అబద్ధం చెప్పిన చోట, ముగింపుకు ఒక పేరా ముందు. మీరే పైకి చదవండి. మొదటి గుర్తు దగ్గర ఆగి, "ఇప్పుడు ఏం చేస్తుంది, ఎందుకు?" అని అడిగి రెండు వాక్యాలు రాయమనండి. 2 నిమిషాలు, నిశ్శబ్దంగా. తర్వాత పక్కవాళ్లతో 3 నిమిషాలు. ఆ తర్వాతే క్లాసు మొత్తం. చేతులెత్తినవాళ్లను కాదు, పేరు పెట్టి పిలవండి. కాగితం మీద అప్పటికే ఏదో ఉంది కాబట్టి ఎవరూ బిక్కమొహం వేయరు.

అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదులను గమనించి, టీచర్లు ప్రశ్న వేశాక సగటున సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని చూసింది. 3 సెకన్లు ఆగితే చాలు, జవాబులు పొడుగయ్యాయి, మాట్లాడేవాళ్ల సంఖ్య పెరిగింది. మనసులో లెక్కపెట్టుకోండి. మొదట్లో ఆ 3 సెకన్లు యుగంలా అనిపిస్తాయి.

"నీకేమనిపించింది?" ఒక్కటే అడిగితే "బాగుంది" దగ్గర ఆగిపోతారు. దాని వెంటనే "ఏ వాక్యం చూసి అలా అనిపించింది?" అని పట్టుకోండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఎవరు ఒప్పో మీరు తేల్చకండి, ఇద్దరి చేతా వాక్యాలు చూపించండి. ఒక జాగ్రత్త: "మీ ఇంట్లో ఇలా ఎప్పుడైనా జరిగిందా?" అని నలుగురిలో అడగొద్దు. పాత్ర చాటున నిలబడి పిల్లలు తమ సంగతి ఎంతైనా మాట్లాడతారు. ఆ చాటు తీసేస్తే మూగపోతారు, లేదా చెప్పకూడనిది చెప్పేసి తర్వాత బాధపడతారు.

పరీక్ష ఉంది కాబట్టి చివరి 5 నిమిషాలు దానికే ఇవ్వండి, అది పరీక్ష కోసమేనని చెప్పి మరీ. అప్పుడు మిగతా 35 నిమిషాలూ దాని బెడద ఉండదు.

ప్రశ్న: నాకు 16. విషాదంగా ముగిసే కథలు చదివితే రెండు మూడు రోజులు మనసు బాగుండదు. అయినా అవే చదవాలనిపిస్తుంది. ఇది తప్పా?

జవాబు: తప్పేమీ లేదు. లేని మనిషి కోసం బాధపడగలగడం కథ నీమీద పనిచేసిందనడానికి గుర్తు. రెండు మూడు రోజుల్లో తేలికపడుతున్నావంటే కంగారు అక్కర్లేదు. ఆఖరి అధ్యాయాలు అర్ధరాత్రి చదవకు, పగటిపూటకు దాచుకో. పుస్తకం మూశాక పది వాక్యాలు రాయి. ఏ చోట గుండె పట్టేసింది, ఆ మనిషి స్థానంలో నువ్వుంటే ఎవరి దగ్గరికి వెళ్లేదానివి లేదా వెళ్లేవాడివి అని. విషాదం తర్వాత విషాదం కాకుండా మధ్యలో వేరే రకం ఒకటి పెట్టుకో.

కథలోని బాధ నీ సొంత బాధతో కలిసిపోతుంటే అది వేరే సంగతి. నిద్ర, తిండి, స్నేహితులు దూరమవుతూ రెండు వారాలు దాటితే అమ్మానాన్నల్లో ఒకరికో, నమ్మకమున్న టీచరుకో చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఆత్మహత్యను ఒక దారిలా, వివరంగా చూపించే రాతలు అప్పటికే కుంగి ఉన్నవాళ్లకు హాని చేస్తాయి. అలాంటి పుస్తకం సగంలో ఉన్నా పక్కన పెట్టేయి. నిన్ను నువ్వు గాయపరచుకోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే, ఆ గంటే ఎవరో ఒకరికి చెప్పు.

ప్రశ్న: 15 ఏళ్ల మా అబ్బాయి సంచీలో పెద్దల విషయాలున్న నవల కనిపించింది. తీసి దాచేశాను. సరైన పనేనా?

జవాబు: దాచారంటే వాడు ఇంకోటి తెచ్చుకుంటాడు, ఈసారి మీకు దొరకదు. ముందు ఆ నవల మీరు మొత్తం చదవండి. మడత పెట్టి ఉన్న ఆ పేజీ ఒక్కటే కాదు. ఆ సన్నివేశం తర్వాత ఆ మనుషులకు ఏమైంది? అవతలి మనిషికి మనసంటూ ఉన్నట్టు రచయిత చూపించాడా, ఒట్టి బొమ్మలా వాడుకున్నాడా? మొదటి రకమైతే 15 ఏళ్ల వాడు తట్టుకోగలడు, తిరిగి ఇచ్చేయండి. రెండో రకమైతే ఇవ్వనక్కర్లేదు, కానీ ఎందుకివ్వడం లేదో చెప్పండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి కాదు, పక్కపక్కన నడుస్తూనో, ఏదో పని చేసుకుంటూనో. కళ్లలోకి చూడాల్సిన పని లేనప్పుడు ఈ వయసువాళ్లు నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడతారు. వెతికి తీసినందుకు ముందుగా మీరే క్షమాపణ చెబితే ఇంకా మంచిది.

ప్రశ్న: ఏ పుస్తకాలు ఇవ్వాలో జాబితా ఇవ్వండి. ఇంటి భాషలోనివా, బడి భాషలోనివా అన్నది కూడా చెప్పండి.

జవాబు: భాష సంగతి చిన్నది. ఏ భాషలో మనసు పెట్టి చదివితే ఆ భాషలో మొదలుపెట్టండి. ఒక భాషలో అబ్బిన చదివే నేర్పు, కథను పట్టుకునే తీరు రెండోదానికీ అక్కరకొస్తాయి.

జాబితా మాత్రం ఇవ్వం. దాన్ని పట్టుకుని వెళ్లే తల్లిదండ్రులు పిల్లల్ని చూడటం మానేస్తారు. రుడీన్ సిమ్స్ బిషప్ అనే సాహిత్య పండితురాలు 1990లో పుస్తకాలను అద్దాలతో, కిటికీలతో పోల్చింది. తనలాంటి మనిషి కనిపించేది అద్దం, తనకు తెలియని బతుకు కనిపించేది కిటికీ. పిల్లల చేతిలోకి వచ్చిన చివరి ఐదారు పుస్తకాలు చూడండి. అన్నీ అద్దాలే అయితే తర్వాతది కిటికీ వెతకండి. అన్నీ కిటికీలే అయితే, ముఖ్యంగా తన ఊరూ, భాషా, రంగూ ఏ పుస్తకంలోనూ కనపడని పిల్లలకు, అద్దం వెతకడం మీ పని.

లైబ్రరీలో నిలబడి 5 నిమిషాల్లో తేల్చుకోవచ్చు. వెనక అట్ట నమ్మకండి. మొదటి పేజీ చదవండి. మధ్యలో ఎక్కడైనా తీసి ఒక సంభాషణ చదవండి. ఆ పిల్లలు పిల్లల్లా మాట్లాడుతున్నారా, పెద్దవాళ్లు రాసిచ్చిన ఉపన్యాసం అప్పజెబుతున్నారా? ఉపన్యాసమైతే అక్కడే పెట్టేసి ఇంకోటి తీయండి.